ఇనస్పెక్టరుగారి కోటు జేబు

ఇది చాలా చిన్న కథ. మీ చేతిలో టీ చల్లారకముందే అయిపోతుంది. ఒకమ్మాయి కాలేజీ ఫీజు ఎలా గట్టెక్కిందన్నదే విషయం. కాకపోతే ముందు ఆల్టరేషన్ షాపు గురించి చెప్పాలి. షాపు గురించి చెప్పాలంటే టైలరమ్మ నోటి గురించి చెప్పక తప్పదు. ఇంకో టీ చెప్పుకోండి.

టైలరమ్మ నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి. వాటిని పళ్ళ మధ్య పెట్టుకునే తిడుతుంది, నవ్వుతుంది, పక్కింటి కాపురం మీద తీర్పు చెబుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క సూదీ మింగలేదు, ఒక్కటీ కింద పడలేదు. పడే రోజు కోసం మా వీధిలో చాలామంది ఎదురుచూశారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు పోయారు కూడా.

ఆ షాపులో పనిచేసే అమ్మాయిని ఉడుత అంటారు. కుదురుగా కూర్చోదు, కనిపించిన ప్రతిదాన్నీ గీకి చూస్తుంది. ఒకసారి మా వీధిలో నీళ్ళ గొట్టం కోసం గొయ్యి తవ్వుతుంటే, గట్టు మీద కూర్చుని, "పైన ఎర్రమన్ను, కింద నల్లమన్ను. ఎందుకు బాబాయ్?" అని తవ్వేవాణ్ణి అడిగింది. అతను రేపు చెబుతానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. గొయ్యి అలాగే ఉంది.

ప్యాంటు కురచ చేయాలన్నా, కోటు వదులు చేయాలన్నా ముందు జేబులు తిరగేసి దుమ్ము దులపాలి. ఉడుత తిరగేస్తే దుమ్ముతో పాటు, ఆ బట్టల మనిషి మర్చిపోయినదేదో కూడా రాలి పడేది. కాంపౌండరు ప్యాంటులోంచి ఎప్పుడో పోయిన బీరువా తాళంచెవి వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు చొక్కాలోంచి మూడు క్షమాపణలు వచ్చాయి, మూడూ విడివిడిగా కాగితంలో చుట్టి ఉన్నాయి. లైబ్రరీ ఆయన జేబులోంచి భార్య పుట్టినరోజు పంతొమ్మిదిసార్లు వచ్చింది. అప్పట్నుంచీ ఆయన జేబుల్లేని చొక్కాలు కుట్టించుకుంటున్నాడు. మిగతావాళ్ళు మాత్రం సరిపోయిన ప్యాంటు కూడా ఏడాదికి రెండుసార్లు కురచ చేయమని తెచ్చేవాళ్ళు. కొందరి ప్యాంట్లు మోకాళ్ళ దాకా వచ్చేశాయి.

అంత గిరాకీ ఉంటే ఆ పిల్లకి ఫీజు ఒక లెక్కా, అంటారు మీరు. అక్కడికే వస్తున్నాను. ఉడుత నాన్న కూడా అక్కడికే వచ్చాడు.

ఆయన తూనికల ఇనస్పెక్టరు. కొట్టు కొట్టుకీ తిరిగి తక్కెడలూ, తూకపురాళ్ళూ తనిఖీ చేసి ముద్ర వేయడం ఆయన ఉద్యోగం. ఆవగింజంత తేడా వచ్చినా కొట్టుకి తాళం పడుతుంది. ఆయన ఇంట్లో పంచదార గరిటెకి కూడా ముద్ర ఉందంటారు. నేను చూడలేదు, చూసినవాళ్ళు చెప్పారు. ఉడుత పనిలో చేరిన మొదటి వారమే ఆయన షాపుకొచ్చి రెండు రూల్సు రాసిచ్చాడు. తూకం లేని సరుకుకి ధర కట్టకూడదు, కాబట్టి జేబు తిరగేయడం ఉచితం. బట్టల మనిషి ఎదురుగా నిలబడితేనే తిరగేయాలి, ఎవరి సరుకు వాళ్ళ కళ్ళముందే తేలాలి.

"సొంత కూతురి నోటికాడ కూడు లాగేశావు కదయ్యా," అంది టైలరమ్మ సూదుల మధ్య నుంచి.

"కొట్టులో కూతుళ్ళుండరమ్మా. అమ్మేవాడు, కొనేవాడు, అంతే."

ఆ ఏడు ఉడుతకి భూగర్భశాస్త్రంలో సీటు వచ్చింది. మనుషుల జేబులు చూసింది చాలు, నేల జేబులో ఏముందో చూడాలంది. ఫీజుకి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. దాటితే సీటు తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది.

నాన్ననే మొదట అడిగింది. ఆయన దగ్గర డబ్బుంది. లేనిదల్లా ఇచ్చే అలవాటు.

"నాకెవడిచ్చాడమ్మా? ఒక్కడు పైసా ఇవ్వలేదు. ఎవడి చెయ్యీ పట్టుకోకుండా పైకొచ్చాను. నువ్వూ అలాగే రావాలి. అదీ సరైన తూకం."

"ఎందుకు నాన్నా?"

"ఎందుకంటే, అంతే."

బ్యాంకుకి వెళ్తే తండ్రి హామీ సంతకం కావాలన్నారు. ఆయన, "నా సంతకం తక్కెడలకే," అన్నాడు. పేదపిల్లలకి ఫీజు మాఫీ ఉందంటే, ఆదాయం సర్టిఫికెట్టు కోసం ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా పెన్ను చెవి మీద పెట్టుకుని రోజంతా దానికోసం వెతికే మనిషి.

"మీ నాన్నకి మంచి జీతం ఉందిగా. కుదరదమ్మా."

"ఆయన నాకేమీ ఇవ్వడండీ."

"ఇవ్వకపోవడానికి ఫారంలో గడి లేదు తల్లీ. తండ్రి ఉన్నాడా, పోయాడా, అంతవరకే. పోతే చెప్పు, వెంటనే చేసిపెడతాను."

ఇనస్పెక్టరు రోజూ పొద్దున్నే ఐదు మైళ్ళు నడుస్తాడు. ఆ దారీ మూసుకుపోయినట్టే.

ఉడుత పొద్దున పేపర్లు వేసింది, సాయంత్రం పిల్లలకి లెక్కలు చెప్పింది, మధ్యలో కాజాలు కుట్టింది. ఫీజులో మూడో వంతు పోగైంది. మా వీధంతా జాలిపడింది. జాలికి ఖర్చుండదు కాబట్టి బాగానే పడ్డాం.

గడువున్న వారంలోనే ఇనస్పెక్టరుకి ముప్పై ఏళ్ళ నిజాయితీకి పతకం ఇస్తామని ఆఫీసువాళ్ళు చెప్పారు. పతకం తగిలించుకోవడానికి కోటు కావాలి. ఆయనకున్నది ఒక్కటే, చదువుకునే రోజులనాటిది. పొట్ట దగ్గర పట్టడంలేదు. సోమవారం ఆయన దాన్ని వదులు చేయించడానికి తెచ్చి, తన రూలు ప్రకారం తనే ఎదురుగా నిలబడ్డాడు.

"కానివ్వమ్మా. నా జేబులో ఏమీ ఉండదు. నేను ఏదీ మర్చిపోయే మనిషిని కాను."

"అలా అన్నవాళ్ళనే సంచీ తెచ్చుకోమంటాను," అంది టైలరమ్మ.

ఉడుత లోపలి జేబు తిరగేసింది. పాలక్యాను మూత పడింది. తర్వాత విరిగిన దువ్వెన. సైకిలు ట్యూబు ముక్క, బేకరీ కవరు, బస్సు కండక్టరు విజిలు. అలా పడుతూనే ఉన్నాయి. పదకొండోది గుండుసూది. దాని వెనకే ముప్పై నాలుగేళ్ళనాటి కాలేజీ ఫీజు రసీదు.

ఇనస్పెక్టరు వాటిని బల్ల మీద వరసగా పేర్చాడు, తనిఖీకి పెట్టినట్టు.

"మూత పాలాయనది. రెండు నెలల పాల డబ్బు ఇచ్చాడు. దువ్వెన బార్బరుది. విజిలు కండక్టరుది..." అంటూ సూది దగ్గరకొచ్చాడు.

"ఈ సూది మా అమ్మది," అంది టైలరమ్మ. "ఈ కోటు కుట్టింది ఆవిడే. కూలి తీసుకోలేదు."

"వీళ్ళంతా ఎందుకిచ్చారు నాన్నా?"

"నా ఫీజుకి. మా నాన్న ఇవ్వనన్నాడు. ఇల్లిల్లూ తిరిగి అడిగాను."

"మరి ఎందుకు మర్చిపోయావు?"

ఆయన విజిలు చేతిలోకి తీసుకున్నాడు. "గుర్తుంటే వాళ్ళ కొట్లకి తనిఖీకి ఎలా వెళ్ళనమ్మా? ముందు కొంచెం మర్చిపోయాను. తర్వాత అలవాటైపోయింది."

టైలరమ్మ నోట్లోంచి ఒక సూది కింద పడింది. చూడాల్సినవాళ్ళు పోయాక పడింది.

మర్నాటి నుంచి ఇనస్పెక్టరు ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చినవాళ్ళకో, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలకో వడ్డీతో సహా తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాడు. "నాకెందుకయ్యా, నీ కూతురి ఫీజుకి కట్టు," అని ఎవరో ఒకరు అంటారని వీధంతా అనుకుంది. పక్కవాళ్ళు అంటారని ప్రతివాళ్ళూ అనుకున్నారు. ఎవరూ అనలేదు. కండక్టరు మా మేనమామే. ఆయన లేడు కాబట్టి ఆ వాటా నేనే తీసుకున్నాను. ఒకసారి వద్దన్నాను. ఇనస్పెక్టరు రెండోసారి అడగలేదు, చేతిలో పెట్టేసి వెళ్ళాడు.

పదోవాళ్ళకి ఇచ్చేసరికి పాసుబుక్కు ఖాళీ. సూది ఒక్కటే మిగిలింది.

గురువారం ఆయన ఆఫీసుకి వెళ్ళి రాజీనామా ఇచ్చాడు.

"రేపు పతకమండీ!" అన్నాడు పై ఆఫీసరు.

"ముప్పై ఏళ్ళు తప్పుడు రాయితో ఊరందరినీ తూచారండీ."

"ఎవరు? ఏ కొట్టువాడు?"

"నేనే."

ఇంట్లో ఉడుత అమ్మ నెత్తి కొట్టుకుంది. "రిటైరయ్యేదాకా ఆగితే పింఛను వచ్చేది కదండీ! పిల్ల ఫీజు అటుంచండి, రేపు పొయ్యి ఎలా వెలుగుతుంది?"

ఉడుత చదువు అటకెక్కినట్టేనని మేం కూడా తేల్చేసి, ఆ సీటు ఎవరికి వెళ్తుందా అని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

ఉడుత మాత్రం శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ గుమాస్తా ముందు నిలబడింది, రాజీనామా కాగితం పట్టుకుని.

"మళ్ళీ వచ్చావా? నాన్న పోయారా?"

"లేదండీ. ఉద్యోగం పోయింది."

"ఎప్పుడు?"

"నిన్న."

"బ్యాంకులో?"

"ఏమీ లేదండీ."

"పొలం, ఇల్లు?"

"అద్దె ఇల్లండీ."

గుమాస్తా ఫారం అటూ ఇటూ తిప్పాడు. కాదనడానికి ఏ గడీ దొరకలేదు. పెన్ను కోసం సొరుగులన్నీ లాగాడు.

"చెవి మీద ఉందండీ," అంది ఉడుత.

ఐదుకి పది నిమిషాలుందనగా ఆ సర్టిఫికెట్టు కాలేజీలో ఇచ్చింది. ఫీజు మొత్తం మాఫీ అయింది. ఎవరూ పైసా ఇవ్వలేదు.

మొదటి ఏడాది అయ్యాక, ఎర్రమన్ను కింద నల్లమన్ను ఎందుకుందో ఆ గొయ్యి దగ్గరే నిలబెట్టి మాకు చెప్పింది. మాకు అర్థం కాలేదు.

ఇనస్పెక్టరు పదకొండో బాకీ కింద టైలరమ్మ షాపులో గుండీలు కుడుతున్నాడు. గుండీకి ఎనిమిది కుట్లు.