జేబులో ఫ్యూజు

సాముయేలు మెయిన్‌బోర్డు లోంచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు మీద అరచేత్తో ఒకసారి తట్టి చూసుకున్నాడు. ఆ తరువాతే స్టూలెక్కాడు.

మొయినాబాద్‌లో రామచంద్రయ్య ఇల్లది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఫ్యాన్ ఆగిపోవడంతో పేపరు మడిచి విసురుకుంటూ కింద కుర్చీలో కూర్చున్నాడు.

“ఏం సాముయేలూ, వచ్చినప్పుడల్ల నా ఫ్యూజు జేబుల ఏసుకుంటవ్. ఎత్కపోయి అమ్ముకుంటవా ఏంది?”

“నీ ఫ్యూజు నాకెందుకు కాకా. నా పానం నా జేబుల ఉండాలె గద.”

“నువ్వు పైన ఉండంగ నేను కరెంటు ఏస్తనా? నేనేమన్న చిన్నపిల్లగాన్నా?”

“నువ్వు ఎయ్యవ్. సీరియల్ టైమైతే చిన్నమ్మ ఊకుంటదా?”

“నన్ను నడుమ తేకు బిడ్డా!” అని వంటింట్లోంచి ముసలామె కేకేసింది.

సాముయేలు నవ్వాడు గానీ చేతులు ఆగలేదు. పొట్టి మనిషి. మెడ వెనక తోలు ఎండకు మాడి ముడతలు పడింది. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో డ్రిల్లు తగిలి రెండుగా చీలి, అలాగే పెరిగింది. వేళ్ల కొసలు ఎంత మొద్దుబారాయంటే చాయ్ గ్లాసు ఎంత కాలుతున్నా అంచు పట్టుకోడు, నడుమే పట్టుకుంటాడు. అతని చొక్కాలన్నిటికీ ఎడమ జేబు కింద ఖాకీ గుడ్డ అతుకు ఉంటుంది. పింగాణి ఫ్యూజు బరువుకు జేబులు చిరిగిపోతుంటే అతని భార్య బీరమ్మ కొత్త చొక్కా తేగానే ముందు ఆ అతుకు కుట్టి, తరువాతే తొడుక్కోనిస్తుంది.

ఈ జేబు అలవాటు చూసి నవ్వే వాళ్లున్నారు. ఎందుకు వచ్చిందో చెబితే నవ్వరు. అతను చెప్పడు. నేను చెప్తాను.

అతనికి యాకోబు అని ఒక అన్న ఉండేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒక లైన్‌మన్ కింద ప్రైవేటు హెల్పర్లుగా పనిచేశారు. ప్రైవేటు హెల్పర్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను: ఉద్యోగం ఒకడిది, స్తంభం ఎక్కేది ఇంకొకడు. ఒకరోజు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పీకి, కింద రాయి మీద పెట్టి, యాకోబు స్తంభం ఎక్కాడు. మోటరు ఆగిందని వచ్చిన ఒక రైతు రాయి మీది ఫ్యూజును చూశాడు. ఊడి పడిందనుకుని తీసి పెట్టేశాడు. రైతు తప్పేమీ లేదు. కనబడేచోట ఉన్న ఫ్యూజును ఎవడైనా పెడతాడు. స్తంభం ఎక్కమన్న మనిషి మాత్రం మరునాడు, “వాడెవడో నాకు తెల్వదు” అన్నాడు. ఏ కాగితం మీదా యాకోబు పేరు లేదు. బతికి ఉండగానే లేదు, చచ్చాక ఎవడు రాస్తాడు?

సాముయేలు ఆ తరువాత స్తంభం ఎక్కలేదు. ఇళ్ల పని పట్టాడు. పీకిన ఫ్యూజు మళ్లీ నేల మీద పెట్టలేదు. మోకిలలో కట్టిన కొత్త విల్లాలలో పీకడానికి ఫ్యూజు ఉండదు, అన్నీ మీటలే. అక్కడ బోర్డు తలుపుకు తన సైకిల్ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. గేటు దగ్గర కాపలా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఫ్యాన్ తిరిగింది. జేబులోని ఫ్యూజు రామచంద్రయ్య బోర్డులో దాని చోటికి పోయాకే తిరిగింది. అప్పుడే ఫోన్ మోగింది. చేవెళ్లలో కిరాణా కిషన్‌రావు భార్య కృష్ణవేణి.

“సాముయేలూ, నీళ్లకు నల్ల తిప్పుదామని పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటున్నది. వారం సంది చెప్తున్న, మా సేట్ వింటలేడు. నాకు భ్రమ అంటడు. పొద్దుగూకేసరికి మా బిడ్డ స్వప్నిక దవాఖాన నుంచి పసిగుడ్డును ఎత్తుకొని వస్తున్నది. ఆ నీళ్లతోనే గద పిల్లకు పోసేది!”

“భ్రమ కాదమ్మా. నల్ల ముట్టకు. వస్తున్న.”

వారం రోజులుగా ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ చెప్పని మాట అది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు వెడల్పు పని నడుస్తోంది. దుమ్ములో మోపెడ్ మీద పోతుంటే అతని ఎడమ చెయ్యి బరువెక్కింది. భుజం నుంచి మోచేతి దాకా ఎవరో నీళ్ల బిందె వేలాడదీసినట్టు. పొద్దున లేచినప్పటి నుంచీ అలాగే ఉంది. కప్పుల కింద చేతులెత్తి పనిచేసేవాడికి భుజం నొప్పి వార్త కాదు. ఒక చెట్టు కింద ఆగి, చెయ్యి విదిలించి, సీసాలో నీళ్లు తాగి, మళ్లీ కదిలాడు.

కిషన్‌రావు ఇల్లు దుకాణం వెనకే. వరండాలో కొత్త ఏసీ, కొత్త గీజరు, కొత్త బోర్డు డబ్బా అట్టపెట్టెలలో వరుసగా ఉన్నాయి.

“వచ్చినవా! ముందు గీజరు బిగియ్యి. తర్వాత ఏసీ. పిల్ల ఉక్కకు ఆగదు,” అన్నాడు కిషన్‌రావు. “ఈమె నల్ల ముచ్చట తర్వాత చూద్దాం.”

సాముయేలు పనిముట్ల సంచీ కింద పెట్టాడు. మీటరు పక్కనున్న ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఇల్లంతా ఒక్కసారి చప్పుడు తగ్గింది. నేరుగా వెనక గిన్నెలు తోమే జాలారికి పోయి, టెస్టరు కొసను ఇనుప నల్లకు ఆనించాడు. టెస్టరులో చిన్న ఎర్ర బల్బు వెలిగింది.

ఇంట్లో కరెంటు లేదు. నల్లలో ఉంది.

కృష్ణవేణి నడుం మీద చేతులు పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది. “చూడుండ్రి, నా భ్రమ ఎట్ల వెలుగుతున్నదో.”

కిషన్‌రావు వంగి టెస్టరులోకి చూశాడు. “మరి యాడికెల్లి వస్తున్నది?”

“మీ ఇంట్లకెల్లి కాదు సేట్. పైపు వెంబడి వస్తున్నది.”

ఆ పైపు గోడ దాటి పక్కింటికి పోతుంది. రెండిళ్లకూ బోరు ఒకటే. పక్కన ఉన్నవి బాలరాజ్ కిరాయి గదులు. చందనవెల్లి ఫ్యాక్టరీలకు పోయే వాళ్లు ఉంటారు. చివరి గదిలో విజయరాణి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంది. తలుపు కొడితే కళ్లు నులుముకుంటూ లేచింది. కిటికీలోంచి ఒక తీగ బయటికి వచ్చి, నీళ్ల పైపుకు నాలుగు చుట్లు చుట్టి ఉంది.

“ఇది ఎవలు కట్టిన్రు బిడ్డా?”

“పక్క రూమాయన అన్నా. ఫ్యాన్ ఆగిపోయింది. బాలరాజ్ సార్‌కు ఫోన్ మీద ఫోన్ కొట్టిన. రేపు రేపు అన్నడు. పగటి పూట ఈ రేకుల కింద నిద్ర ఎట్ల పడ్తది? ఈ తీగె నల్లకు కడితే తిరుగుతదని ఆయన కట్టిండు. తిరిగింది.”

ఇలాంటివి ఈ చుట్టుపక్కల వందల గదుల్లో ఉంటాయి. కరెంటు రావడానికి ఒక తీగ, తిరిగి పోవడానికి ఒక తీగ కావాలి. పోయే తీగ తెగింది. అతకాల్సిన వాడు అతకలేదు. కరెంటు నీళ్ల పైపు పట్టుకుని పోయింది.

వెనకాలే వచ్చిన కిషన్‌రావు రంకె వేశాడు. “మా ఇంటిని సంపుతవా ఏందే నువ్వు!”

“ఆమెననకు సేట్,” అన్నాడు సాముయేలు. గొంతు పెంచలేదు. “తీగె తెగితే ఇల్లుగలాయన రాలే. ఉక్కకు మనిషి ఏం జేస్తడు? నువ్వు నేను గూడ గదే జేస్తుంటిమి.”

ఆమె గది ఫ్యూజు కూడా జేబులోకి పోయింది. పైపు మీది తీగ విప్పి చుట్టగా చుట్టాడు. తలుపు మీద తెగిన ముడి వెతికి, గీకి, అతికి, టేపు చుట్టాడు. ఆమె ఫ్యూజు ఆమెకు ఇచ్చాడు. ఫ్యాన్ తిరిగింది. ఇటు వచ్చి నల్లకు టెస్టరు పెడితే వెలగలేదు.

“అయిపాయె గద! ఫ్యూజు పెట్టు,” అన్నాడు కిషన్‌రావు.

“కాలే సేట్. ఇయ్యాల ఆడ కట్టింది విప్పిన. రేపు ఇంకెవలో కడ్తరు. లేకుంటే నీ గీజరే ఖరాబైతది. కరెంటు భూమిలకు పోయే తొవ్వ ఉండాలె. లేకుంటే పిల్లకు నీళ్లు పోసే చేతులల్లకెల్లి పోతది.”

“ఇల్లు కట్టిననాడే ఎర్తింగ్ చేసిన్రు గద?”

“నేనే చేసిన. గుంత గీ బండల కింద ఉన్నది. ఎండకాలం దాంట్ల నీళ్లు పొయ్యుమని చెప్పిన. మీరు బండలు పరిచిన్రు.”

“కొత్త బండలు సాముయేలూ! నిరుడే ఏసినం!”

ఉలి దెబ్బ పడింది. బండ అడ్డంగా పగిలింది. కిషన్‌రావు తన పన్ను ఊడినట్టు మొహం పెట్టాడు. కృష్ణవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వే అయి ఉంటుంది.

లోపల గుంత ఎండి బూడిదలా ఉంది. సాముయేలు చొక్కా చేతులు మడిచి, పాత మట్టి తోడి, ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా నింపాడు. తుప్పు పట్టిన తీగ కొట్టేసి కొత్తది బిగించాడు. దాన్నే గీజరు బిగించే చోటి వరకూ, ఏసీ బిగించే చోటి వరకూ లాగాడు. నీళ్ల పైపుకు ఇంకో తీగ కట్టాడు. ఎండ నెత్తి మీద నుంచి గోడ మీదికి జారింది. మధ్య మధ్య ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. అతని చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి.

కిషన్‌రావు ఫోన్ మోగింది. మాట్లాడి పరుగున వచ్చాడు. “దవాఖాన నుంచి బయల్దేరిన్రట. ఇగ ఫ్యూజు ఇయ్యి. మిగిలింది రేపు చెయ్యి. కాన్పుల కోత పడిన పిల్ల, పసిగుడ్డు, ఉక్కల కూసోవాల్నా?”

సాముయేలు మోకాళ్ల మీద లేచి, జేబులోంచి ఫ్యూజు తీసి, ఎత్తి చూపించాడు. తెల్లటి పింగాణి మీద బొటనవేలి ముద్ర నల్లగా అంటింది.

“ఇగో, నీ ఫ్యూజు ఈడనే ఉన్నది. నా చేతులు తీగె మీదున్నయ్ సేట్. తీసినంక పెడ్త.”

మళ్లీ జేబులో వేసుకుని, జేబు తట్టి, గుంత మీదికి వంగాడు.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా పెద్దమనుషుల మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు. ఈ పొట్టి మనిషి చెప్పాడు. అరవలేదు, వాదించలేదు. జేబులో వేసుకున్నాడు, అంతే.

కృష్ణవేణి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి, మీటరు బోర్డు ముందు వేసుకుని కూర్చుంది. “ఆయన చెప్పేదాంక ఈ దిక్కు ఎవలు రావొద్దు,” అంది. ఎవలు అన్నా ఇంట్లో ఉన్నది కిషన్‌రావు ఒక్కడే.

ఇంకాసేపటికి సాముయేలు చివరి బోల్టు బిగించాడు. “అయింది అమ్మా. ఇగ నీళ్లు పోసుడే. మట్టి నానాలె. నానినంక ఫ్యూజు పెడ్త.”

ఆమె బిందె తెచ్చి ఇచ్చింది. అతను గుంతలోకి మెల్లగా వంచాడు. ఎండిన నేల గుడగుడమంటూ నీళ్లు తాగింది. ఆ చప్పుడు వింటూ అతను తృప్తిగా తల ఊపాడు.

“ఎండకాలం దినాం ఒక చెంబెడు పొయ్యి అమ్మా. మరువకు.”

“మరువ. మజ్జిగ తెస్త, కూసో.”

“జర కూసుంట,” అని మెట్టు మీద గోడకు ఆనుకున్నాడు.

ఆమె గ్లాసుతో వచ్చేసరికి అతని గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. కుడి అరచెయ్యి ఎడమ జేబు మీద ఉంది. ఫ్యూజు ఉందో లేదో చూసుకుంటున్నాడనే ఆమె అనుకుంది. “సాముయేలూ,” అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. గ్లాసు మెట్టు మీద పెట్టి, మొగుణ్ణి కేకేసింది.

అంబులెన్స్‌లో వచ్చిన కుర్రాళ్లు ఛాతీ మీద ఒత్తి ఒత్తి, లేచి నిలబడ్డారు. గుండె అన్నారు.

అంతలోనే స్వప్నిక కారు వచ్చింది. చీకటి ఇల్లు, మెట్టు మీద శవం. పసిగుడ్డును ఎక్కడికి తీసుకుపోవాలో ఎవరికీ తోచలేదు. గోడ అవతల నుంచి విజయరాణి వచ్చి, “మా రూంల ఫ్యాన్ తిరుగుతున్నది, రా అక్కా,” అంది. ఆ రేకుల గది గడప ఆ ఇంటివాళ్లెవరూ ఎన్నడూ తొక్కలేదు. కృష్ణవేణి కూతురి చెయ్యి పట్టుకుని తానే తీసుకుపోయింది. సాముయేలు అతికిన తీగ కింద, కిరాయి మంచం మీద, తల్లీబిడ్డా పడుకున్నారు.

ఫ్యూజు చోట ఒక తీగముక్క చుట్టి పెడితే ఇల్లు వెలుగుతుంది. కిషన్‌రావుకు అది తెలుసు. బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పెట్టలేదు. శవం జేబులో చెయ్యి పెట్టడానికీ ఎవరికీ చేతులు రాలేదు.

బీరమ్మ ఆటోలో వచ్చింది. ఏడుస్తూ రాలేదు. అతని పక్కన కూర్చుని, కొంగు తడిపి, వేళ్ల బొగ్గు ఒక్కొక్కటే తుడిచింది. చీలిన గోరు దగ్గర ఆగింది. అప్పుడు ఆమె చెయ్యి జేబు బరువుకు తగిలింది. ఫ్యూజు బయటికి తీసింది.

“పని ఒడిసిందా అమ్మా?”

“ఒడిసింది బీరమ్మా,” అంది కృష్ణవేణి. “మట్టి నానాలె అన్నడు. నానినంక పెడ్త అన్నడు.”

బీరమ్మ గుంత వైపు చూసింది. మట్టి నల్లగా తడిసి కూర్చుంది. ఆమె ఫ్యూజును కృష్ణవేణి చేతిలో పెట్టింది.

“పెట్టుకోండ్రి. ఇగ ఆయన చెయ్యి తీగె మీద లేదు.”

అప్పుడు ఏడ్చింది.

కృష్ణవేణి తన చేత్తోనే ఫ్యూజు పెట్టింది. ఇల్లు వెలిగింది. జాలారికి పోయి నల్ల పట్టుకుంది. ఒక చేత్తో, తరువాత రెండు చేతులతో. చల్లని ఇనుము. ఏమీ లేదు. నీళ్లు మాత్రం వచ్చాయి. ఆ నీళ్లే కాచి పిల్లకు పోశారు.

కొన్నాళ్లకు ఇంకెవరో వచ్చి కొత్త డబ్బా బిగించి, పాత ఫ్యూజును చెత్తలో వేయబోయాడు. కృష్ణవేణి గుంజుకుంది. ఇప్పుడది గుంత పక్కన గూటిలో ఉంది, రోజూ నీళ్లు పోసే చెంబు పక్కన, తెల్లటి పింగాణి మీద బొగ్గు బొటనవేలు అలాగే ఉంది.