గ్రేసమ్మ కుడి భుజం

దేవదాసు నరసరావుపేట డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా పనిచేశాడు. తెల్లారకముందే ఇల్లు వదిలి, వీధి దీపాలు వెలిగాక తిరిగొచ్చే మనిషి. రిటైరై రెండేళ్లయినా ఇంట్లో కూర్చోవడం అలవాటు కాలేదు. పొద్దున కాఫీ తాగి బరంపేట నుంచి బస్టాండుకు నడిచేవాడు. పాత డ్రైవర్లతో కాసేపు మాట్లాడి, ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని, భోజనం వేళకి ఇల్లు చేరేవాడు. తిన్నాక మళ్లీ పోయేవాడు.

భార్య గ్రేసమ్మ ఇంటి వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆయన రాకపోకలను ఆమె ఏనాడూ పట్టించుకున్నట్టు కనపడేది కాదు.

క్రిస్మస్‌కి వరండాలో కట్టిన నక్షత్రం జనవరి చివరికీ దిగలేదు. "ఎండకి రంగు పోతంది, దించయ్యా" అని గ్రేసమ్మ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ "రేపు" అన్నాడు దేవదాసు. నాలుగోసారి చెప్పకుండా ఆమే స్టూలెక్కింది.

పక్కింటి ఖైరున్నీసా ఫోను చేసినప్పుడు ఆయన బస్టాండులో ఉన్నాడు. పరుగున వచ్చేసరికి గ్రేసమ్మ గచ్చు మీద కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ముఖమంతా చెమట.

గుంటూరు డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు చూసి, భుజం దగ్గర ఎముక ముక్కలైందనీ, కీలు అంతకుముందే అరిగి ఉందనీ, ప్లేటు వేసినా నిలవదనీ చెప్పాడు. కృత్రిమ కీలు వెయ్యాలన్నాడు. ఆపరేషను జరిగిన రెండున్నర గంటలూ దేవదాసు ఆసుపత్రి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. నర్సు రెండుసార్లు కూర్చోమంది. కూర్చున్నాడు, లేచాడు.

వాళ్ల కూతురు ప్రేమలత ఈపూరు హైస్కూల్లో టీచరు. పది రోజులు సెలవు పెట్టి తల్లిని చూసుకుంది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడటంతో వెళ్లక తప్పలేదు. వెళ్లేముందు డాక్టరు చెప్పినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. చెయ్యి వీపు వెనక్కి పోకూడదు. పడుకున్నప్పుడు మోచేతి కింద దిండు ఉండాలి. అన్నిటికంటే పైన ఎర్ర పెన్నుతో రాసింది: కుర్చీలోంచి లేచేటప్పుడు కుడిచెయ్యి ఆనించకూడదు.

"నాన్నా, ఇది ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. బరువు పడితే కీలు ఊడొస్తదంట. అమ్మ లేవాలంటే నువ్వు పక్కనుండాల."

"నేనెక్కడికి పోతాను" అన్నాడు దేవదాసు.

మొదటి వారం ఎక్కడికీ పోలేదు. ముందువైపు గుండీలున్న నైటీ తొడిగాడు. కుర్చీలో వెనక్కి వాల్చి చుట్టూ దిండ్లు పెట్టాడు. అన్నం ఒకరోజు పలుకుగా, ఒకరోజు జావగా వండాడు. ఎడమచేత్తో తినడం గ్రేసమ్మకు మనస్కరించక ఆయన చేతి ముద్దలే తినేది. బస్సు నిండా జనం ఉన్నప్పుడు టిక్కెట్లు కొట్టినంత వేగంగా పెట్టేవాడు. ఒకటి నమిలేలోపు రెండోది పెదాల దగ్గర ఉండేది.

"నన్ను మింగనీయవయ్యా."

"సరే సరే" అనేవాడు. మూడో ముద్దకి మళ్లీ అంతే.

ఆమె నిట్టూరిస్తే లేచేవాడు. కదిలితే లేచేవాడు. "ఏం కావాల? నీళ్లా? ఫ్యానా?" అనేవాడు. "ఏం వద్దు, కూర్చో" అనేది ఆమె. కూర్చుంటే మోకాలు ఊగుతూ ఉండేది. ఆ ఊగుడు చూడలేక గ్రేసమ్మ గోడవైపు తిరిగేది. అసలు ఆమెకు మాత్రం ఏం తోచేది? మిషను మీద సగం కుట్టిన జాకెట్లు అలాగే ఉన్నాయి. గిన్నెలు ఎక్కడ పెట్టాడో, పొయ్యి కట్టేశాడో లేదో, అన్నీ కూర్చున్నచోటు నుంచే వినాలి. లేవడానికి లేదు.

వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి ఫాయిజా వచ్చేది. "ఆంటీ, లెఫ్ట్ హ్యాండ్ టేబుల్ మీద పెట్టి వంగండి. రైట్ హ్యాండ్ వదిలేయండి. ఊరికే ఊగాలి, అంతే" అనేది. చెయ్యి రెండంగుళాలు ఊగేసరికి గ్రేసమ్మ పళ్లు బిగించేది. ఆ సమయానికి దేవదాసు చెప్పులేసుకుని సందు చివర నిలబడేవాడు.

నాలుగో వారంలో ఒకరోజు పదిన్నరకి, "కూరగాయలు తెస్తా, అరగంటలో వస్తా" అన్నాడు. గ్రేసమ్మ కుర్చీలో ఉంది. ఫోను మిషను బల్ల మీద చార్జింగులో ఉంది. సరేనంది.

కాళ్లు మార్కెట్టు వైపు తిరగలేదు. బస్టాండులో సత్తెనపల్లి బస్సు కదలబోతోంది. డ్రైవరు సత్తార్ కిటికీలోంచి చూశాడు.

"దాసన్నా, వదినకెట్టా ఉంది?"

"బాగానే ఉందిరా."

"ఎక్కు. ముప్పాళ్ల దాకా వచ్చి ఎదురు బండిలో వచ్చేద్దువు. ఎన్నాళ్లయింది నువ్వు బండెక్కి."

ఎక్కాడు. ఆడవాళ్లకి టిక్కెట్టు లేకుండా చేశాక బస్సులు కిటకిటలాడుతున్నాయి. అయినా ముందు ఒక సీటు ఖాళీగా ఉంది. దేవదాసు కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు ఊరు దాటి మిరప కళ్లాల మధ్యకు వచ్చేసరికి, నెల రోజులుగా గుండెల మీద ఉన్న బరువేదో దిగినట్టయింది. ఆ హాయికి తనకే సిగ్గేసింది. కానీ దిగలేదు.

ముప్పాళ్లలో దిగి తిరుగు బస్సు ఎక్కాడు. అది మూడు కిలోమీటర్లు పోయి ఆగింది. కల్వర్టు దగ్గర మిర్చి లారీ ఒరిగిపోయి, బస్తాలు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. ఘాటుకి అందరూ దగ్గుతున్నారు. పన్నెండయింది. ఇంటికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఏడుసార్లు చేశాడు. ఖైరున్నీసాకి చేస్తే ఆమె కూడా ఎత్తలేదు.

బస్సు దిగి నడిచాడు. ఎండలో రెండు కిలోమీటర్లు నడిచాక ఎవరో మోటారు సైకిలు ఆపారు. వెనక కూర్చున్నాక ఖైరున్నీసా నుంచి ఫోను వచ్చింది. "అన్నా, ఇప్పుడే చూసుకున్నా నీ ఫోను. మీ ఇంటికాడే ఉన్నా. నువ్వు తొందరగా రా" అని పెట్టేసింది. ఎందుకో చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. గ్రేసమ్మ కుర్చీలోనే ఉంది. ముఖం పాలిపోయింది. పక్కన ఖైరున్నీసా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది.

"ఏమయింది?"

"ఫోను అన్నిసార్లు మోగింది. పిల్లకి ఏమన్నా అయిందేమోనని లేవబోయా" అంది గ్రేసమ్మ నెమ్మదిగా. "ఎడమచెయ్యి జారింది. కుడిది ఆనింది. లోపల కటుక్కుమంది."

దేవదాసు తన చేతిలో ఉన్న ఫోను చూసుకున్నాడు. ఆ ఫోను చేసింది తనే.

ఫాయిజాకి ఫోను చేస్తే చెయ్యి కదిలించకుండా ఎక్స్‌రే తీయించమంది. ఆటోలో గోతుల దగ్గరల్లా, "నిదానంగా, నిదానంగా" అన్నాడు దేవదాసు. ఫిల్ము గుంటూరు డాక్టరుకి వాట్సాప్‌లో వెళ్లింది. జవాబు వచ్చేదాకా ఆగమన్నారు. ఇద్దరూ స్కానింగు సెంటరు బల్ల మీద కూర్చున్నారు.

కాసేపటికి దేవదాసు అన్నాడు, "నేను కూరగాయలకి పోలా. సత్తార్ బండెక్కి ముప్పాళ్ల పోయా."

"తెలుసు. సంచి ఇంట్లోనే ఉంది."

ఆయన తల దించుకున్నాడు.

"పోయినందుకు కాదు నాకు కోపం" అంది గ్రేసమ్మ. "నీకు ఇంట్లో ఊపిరాడదని పెళ్లయిన కొత్తలోనే తెలుసు. నాకు మాత్రం ఆడతందా ఇప్పుడు? నువ్వు చెప్పులేసుకుని పోతావు. నేనెక్కడికి పోను? బాత్రూముకి పోవాలన్నా నీ మొగం చూడాల. అరగంటన్నావని ఆపుకుని కూర్చున్నా. రెండున్నర గంటలని చెప్పుంటే ఖైరున్నీసాని పిలిచి కూర్చోబెట్టుకునేదాన్ని గదా."

"చెప్పలేకపోయా."

"ఎందుకని?"

"నువ్వు ఇట్టా కూర్చునుంటే నేను తిరగటానికి పోతన్నానని ఎట్టా చెప్పేది?" కొంచెం ఆగి, "ఆ నక్షత్రం నేను దించుంటే నీకీ గతి పట్టేది కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ అదే కనపడతంది" అన్నాడు.

ఫర్వాలేదంటుందేమోనని ఎదురు చూశాడు. గ్రేసమ్మ అలా అనలేదు.

"అవును. నువ్వు దించుంటే పడేదాన్ని కాదు" అంది. "అట్టాగని రోజూ నన్ను చూసి పారిపోతే నాకు చెయ్యొస్తదా?"

దేవదాసు మోకాలు ఊగుతోంది. ఆమె ఎడమచెయ్యి దాని మీద పెట్టింది. ఊగడం ఆగలేదు గానీ తగ్గింది.

నాలుగింటికి డాక్టరు ఫోను చేశాడు. కీలు చోటు కదల్లేదు. కండ పట్టేసింది, అంతే. చెయ్యిని మెడకు వేలాడదీసే పట్టీ మరో రెండు వారాలు ఉంచమన్నాడు. దేవదాసు ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత బయటికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడి, కళ్లు తుడుచుకుని వచ్చాడు. గ్రేసమ్మ చూసింది.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. రోజూ నాలుగింటికి ఖైరున్నీసా పిండి కలుపుకోవడమో, బియ్యం ఏరుకోవడమో గ్రేసమ్మ దగ్గరే కూర్చుని చేసుకునేది. ఆ గంటన్నర దేవదాసు బయటికి పోయేవాడు. ఎక్కడికి పోతున్నాడో చెప్పి పోయేవాడు. ఫోను గ్రేసమ్మ ఒళ్లో ఉండేది. ఒకరోజు ఆమె, "ఇయ్యాల పోమాక, నాకేం బాగాలా" అంటే ఆగిపోయాడు. ఆ సాయంత్రం ఇల్లంతా నలభైసార్లు తిరిగాడు. ఇద్దరికీ విసుగొచ్చింది. ఒకరినొకరు గట్టిగానే అనుకున్నారు. ఆ తర్వాత టీ పెట్టుకున్నారు.

ఫాయిజా వచ్చినప్పుడు బయటికి పోవడం మానేశాడు. మొదట్లో నేల చూస్తూ ఊపులు లెక్కపెట్టేవాడు. పట్టీ తీశాక, పడుకోబెట్టి చెయ్యి పట్టుకుని పైకి లేపే పని ఆ అమ్మాయి ఆయనకే నేర్పింది. "నొప్పి ఉంటుంది అంకుల్. కొంచెం ఉండాలి. ఆంటీ ఆపమంటే ఆపండి, మీకు భయమేసి ఆపొద్దు" అంది. మొదటిరోజు గ్రేసమ్మ ఆపమననేలేదు, ఆయనే ఆపాడు. "ఇంకా పైకి పోతది, లేపు" అంది ఆమె. లేపాడు.

"పది దాకా అంత తొందరగా లెక్కపెడతావేంది?" అనేది. ఆయన మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు.

జూన్ నాటికి చెయ్యి భుజం ఎత్తు వరకు వచ్చింది. అంతకు మించి పెద్దగా రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. గ్రేసమ్మ మళ్లీ మిషను ముందు కూర్చుంది. రోజుకొక జాకెట్టు, ఒక్కోసారి అదీ లేదు. పై అరలో డబ్బాలన్నీ కిందికి దిగాయి. వెనక్కి చేతులు పెట్టి జుట్టు ముడి వేసుకోవడం మాత్రం రాలేదు. ఆ పని దేవదాసు చేసేవాడు. ముడి ఒక పక్కకి ఒరిగేది. ఆదివారం చర్చిలో వెనక వరుసవాళ్లు చూస్తారని ఆమె మొదట ఇబ్బంది పడింది. తర్వాత మానేసింది.

ఒక సాయంత్రం దారం ఉండలు అయిపోయాయి. దేవదాసు, "నేను తెస్తాలే" అని లేచాడు.

"నీకు రంగు తెలీదు. నేనూ వస్తా" అంది గ్రేసమ్మ.

ఎవరూ తగలకుండా ఆయన ఆమె కుడిపక్కన నడిచాడు. సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కగానే అలవాటు చొప్పున నాలుగడుగులు ముందుకు పోయాడు.

"ఏందయ్యా ఆ నడక" అంది వెనకనుంచి.

ఆయన ఆగి, ఆమె వచ్చేదాకా నిలబడి, మళ్లీ కుడిపక్కకు వచ్చాడు. దారాల కొట్టు ఇంకా చాలా దూరం ఉంది.