నవ్వా, ఏడుపా

నా కోడలు తూరి నార్వే పిల్ల. మేం డెన్మార్క్ వాళ్లం. రెండు దేశాలకీ మధ్య ఒక్క సముద్రమే అడ్డం, మాటలు ఇంచుమించు ఒకటే. ఆ ఇంచుమించు దగ్గరే నా ప్రాణం పోయినంత పనయింది.

మా హిర్ట్స్‌హాల్స్ రేవు నుంచి చేపలకు వెళ్లిన నా మొగుడు తోర్కిల్, కొడుకు ఎస్బెన్ గాలివానలో చిక్కుకున్నారు. పడవ నుంచి మాట ఆగిపోయింది. తెల్లారేసరికి నేనూ తూరీ వంటింట్లో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం.

"కాస్త రొట్టె తినండి అత్తయ్యా" అంది.

"నువ్వు తిను ముందు. మొహం ఎలా పీక్కుపోయిందో చూసుకో" అన్నాను. భయమేస్తే నా నోరు అలాగే పనిచేస్తుంది.

ఫోన్ మోగింది. తూరి అన్న ఓడ్వార్. అవతలి ఒడ్డున, సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే పడవ మీద పనిచేస్తాడు. తూరి స్పీకర్ పెట్టింది. వెనకాల ఒకటే గాలి హోరు. "ఎస్బెన్ దొరికాడు! గ్రీనర్... ఆగకుండా గ్రీనర్..." అన్నాడు. అంతే, లైను తెగిపోయింది.

మా భాషలో గ్రీనర్ అంటే నవ్వుతున్నాడని. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"విన్నావా? పడవ ముంచుకుని పళ్లికిలిస్తున్నాడట వెధవ! వాళ్ల నాన్న పక్కనే ఉండుంటాడు. ఆయన లేకపోతే వాడికి నవ్వొస్తుందా?" అంటూ లేచి కాఫీ పెట్టాను. కిటికీ తీసి పక్కింటావిడ మెట్టెకు కేకేసి మరీ చెప్పాను.

తూరి కదల్లేదు.

"ఏమే, మొగుడు బతికాడంటే ఆ మొహమేంటి?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే కప్పులు తియ్యి."

కప్పు తీసి బల్ల మీద బోర్లించింది. "మావైపు ఆ మాటకి ఏడుస్తున్నాడని అర్థం అత్తయ్యా."

"ఒకే మాటకా?"

తూరి బళ్లో జర్మన్ చెబుతుంది. ఇలాంటివి దానికి కొట్టిన పిండి. ఆ భయంలోనూ టీచరమ్మలాగే మొదలుపెట్టింది. "పూర్వం పళ్లు బయటపెట్టి మొహం వంకర తిప్పడమే దాని అర్థం. మీరు నవ్వుకి వాడుకున్నారు, మేం ఏడుపుకి. జర్మన్లకి సణుగుతూ ఏడవడం. ఇంగ్లీషువాళ్లకి పళ్లు కనబడేలా నవ్వడం. స్వీడన్‌లో అయితే ఊరిని బట్టి..."

"ఆపవే తల్లీ! ఊళ్లవాళ్ల గొడవ నాకెందుకు? నా కొడుకు ఎందుకేడుస్తున్నాడు?"

అడిగాక గానీ తెలియలేదు, నేనేం అడిగానో. చిన్నప్పుడు చెయ్యి విరిగినా కంటతడి పెట్టనివాడు ఎస్బెన్. వాళ్ల నాన్న కోసం తప్ప ఇంకెవరి కోసం ఏడుస్తాడు? ఓడ్వార్ ఒక్క ఎస్బెన్ పేరే చెప్పాడు. అంతసేపూ ఆ సంగతి నా చెవికెక్కనే లేదు.

తిరిగి చేస్తే ఓడ్వార్ ఎత్తడం లేదు. నాకు తూరి మీద ఒళ్లు మండిపోయింది. ఇంకాసేపు నన్నా నవ్వులో ఉండనిస్తే దాని సొమ్మేం పోయింది?

తలుపు చప్పుడైంది. "బోదిల్! కేకు తెచ్చానే!" అని మెట్టె సంతోషంగా నన్ను పిలుస్తోంది.

"తియ్యకు" అన్నాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం, దొంగల్లా. అది కాసేపు తట్టి వెళ్లిపోయింది.

ఫోన్ మళ్లీ మోగింది. నా చెయ్యి ముందుకు రాలేదు.

"నువ్వే తియ్యి" అన్నాను.

తూరి చెవి దగ్గర పెట్టుకుంది. వింటూ వింటూ ఉండగా దాని మొహం వంకర తిరిగిపోయింది. పళ్లు బయటపడ్డాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"నవ్వా, ఏడుపా? చెప్పవే!" దాని భుజాలు పట్టి కుదిపేశాను.

ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించింది.

దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గే.

"బోదిల్... మొన్న నువ్వు కొన్న బూట్లు సముద్రంలో పోయాయే. తిట్టకు."