సీసా మీద గీత

మా పాప పూజితకి లక్షమందిలో ఒకరికి వచ్చే మెదడు జబ్బు. ఏలూరు డాక్టరు రాసిన సిరప్ పూటపూటా అర మూత పోస్తేనే మూర్ఛలు ఆగుతాయి. కైకలూరులో అది దొరకదు. నెల రావలసిన సీసా నాలుగు రోజుల ముందే ఖాళీ అవుతోంది.

నా అనుమానమంతా అత్తగారి మీదే. మంగాయమ్మగారికి ఆ మందంటే గిట్టదు. "పిల్లని మత్తులో ముంచేస్తున్నావమ్మా" అని రోజూ సణుగుడే. నా వెనక పారబోస్తోందని నమ్మాను. అందుకే ఈసారి కొత్త సీసా మీద పెన్నుతో గీత గీసి, నీళ్లకి వెళుతున్నట్టు బిందె పట్టుకుని బయటికెళ్లి, పెరటి కిటికీ దగ్గర నిలబడ్డాను.

వచ్చింది అత్తగారు కాదు. రొయ్యల చెరువు నుంచి వచ్చిన మా ఆయన ఏడుకొండలు! మూతలు మూతలుగా మందు గొంతులో పోసుకుంటున్నాడు.

బిందె విసిరేసి లోపలికి దూకాను. "ఏవండీ! బిడ్డ మందు తాగడానికి సిగ్గులేదూ?"

ఆయన సీసా దాచలేదు.

"పోయినేడు కల్తీ మందుకి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి కదే సత్యా. నీళ్లు నాలిక మీద వేసుకోకుండా రొయ్యపిల్లల్నే వదలను. మన పిల్లకి తాగి చూడకుండా పోయనిస్తానా?"

"తాగితే కల్తీ తెలుస్తుందా?"

"తెలుస్తుంది. మంచి మందైతే ఆ పూట గట్టు మీద నిలబడలేను." గోడకి జారబడి, మంచం మీద పిల్లకేసి చూశాడు. "ఇంత మత్తులో ఉండి, మనల్ని చూడగానే అదెలా నవ్వుతోందే?"