తూకం దాటించిన మూట

దగ్గరికి రా తల్లీ, ఈ మాట గట్టిగా చెప్పలేను.

మీ లియోనా అక్క విమానం కంపెనీలో పైలట్‌గా చేరి అప్పటికి నాలుగు రోజులే. మన రుపునూని మైదానాల నుంచి రాజధాని జార్జ్‌టౌన్ వెళ్లే ఆ చిన్న విమానానికి మనిషినీ సామాన్నీ కలిపి కాటా ఎక్కిస్తారు కదా, ఆ లెక్క రాయడం కొత్త పైలట్ పని.

ఆ రోజు జార్జ్‌టౌన్ బయల్దేరిన నన్ను కాటా ఎక్కించి, "అమ్మమ్మా, సామాను ఇంతేనా?" అంది.

"ఇంతే బంగారం" అన్నాను. బరువెక్కువైతే వదిలేయమంటారని, మా చెల్లెలికి తీసుకెళ్తున్న ఎండుమాంసం, కర్రపెండలం పిండి మూటను కాటా ఉన్న షెడ్డు వెనక ముందే దాచాను. తర్వాత మెల్లగా తెచ్చి చివరి సీటు కింద తోసి, ఆ సీట్లోనే కూర్చుని నా పావడా కప్పాను.

విమానం పరుగు మొదలెట్టగానే దాని ముక్కు లేవాల్సిన వేళకన్నా ముందే పైకి లేచింది. తోక బరువైందని కెప్టెన్ గోవియా గబుక్కున బ్రేకు వేశాడు.

"తూకం రాసిందెవరు? కాటా చూడ్డం రానిదానివి విమానమేం నడుపుతావ్?"

లియోనా వెనక్కి తిరిగింది. నా పావడా అంచున మూట ముడి కనిపించింది దానికి.

"నాదే పొరపాటు, కెప్టెన్" అంది.

నేను నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. నెలరోజులు దాన్ని విమానం ఎక్కనివ్వక జార్జ్‌టౌన్‌లో కాటా దగ్గరే నిలబెట్టారు.

తిరుగు ప్రయాణంలో నా సంచీ, చెప్పులు, మెడలో జపమాల కూడా కాటా మీద పెట్టాను. "చాల్లే అమ్మమ్మా" అంది, తలెత్తకుండానే.

రేపు దాని పిల్లలకి ఇది నువ్వే చెప్పాలి తల్లీ. మూట ఎవరిదో మాత్రం దాచకు.