అదమకూడని పొడి

కాకిబంగారాన్ని మందు చేయడంలో ఉదయగిరి పెంచలనరసయ్యను మించిన వైద్యుడు లేడని ఆయన కూతురు దేవకమ్మ నమ్మకం. ఆయన నమ్మకమూ అదే అనుకోండి. మెరిసే ఆ అభ్రకం రేకులను కల్వంలో నూరి, పిడకల నిప్పులో ముప్పైసార్లు పుటం పెట్టి, ఇటుకరంగు పొడి చేస్తాడు. మెరుపు చావని పొడి లోపలికి పోతే పేగులు కోస్తుందని, అది మందు కాదు విషమని ఊరంతటికీ చెప్పేవాడూ ఆయనే.

అందుకే ఎండలో పరీక్ష. చిటికెడు పొడి అరచేతిలో చల్లి చూస్తాడు. తళుకు కనబడకపోతే మందు అయినట్టే. పొడిని వేలితో అదమడం మాత్రం ఆ ఇంట్లో మహాపాపం. అదిమితే సత్తువ పోతుందని ఆయన తాత చెప్పాడట. తాత చెప్పాక ఇక ఎదురడిగేదెవరు?

పెద్ద కరువు పోయిన మరుసటేడు దేవకమ్మ మొగుడు తిరుపాలు ఆత్మకూరులో దగ్గుతో మంచం పట్టాడు. మందు కోసం పుట్టింటికి వచ్చిన ఆమె, తండ్రి పక్కన కూర్చుని ఇరవై రోజులు నూరింది. ఆ ఉదయం పొడి చల్లి చూసి ఆయన తృప్తిగా తల ఊపాడు.

"తీసకపోమ్మా. మెరుపు చచ్చింది."

వీధిలో ఆత్మకూరు బండి కట్టి బండితోలే కామయ్య కేకలు పెడుతున్నాడు. దేవకమ్మ ఎండపొడ పడే అరుగు మీద హడావిడిగా మోదుగాకు పొట్లం కడుతోంది. కుప్పగా ఉన్న పొడి మడతకు లొంగలేదు. తాత మాట మరిచి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది.

వేలు తీసేసరికి ఆ మేరంతా చేప పొలుసులా తళతళలాడింది. దేవకమ్మ లోపలికి కేకేసింది.

"నాయనా! ఇది మెరస్తా ఉండాది!"

"ఏంది నువ్వు చెప్పేది? ఇప్పుడే గదా చూసినాను!"

ఆయన వచ్చి అదే పొడి చల్లాడు. మెరవలేదు. ఆమె నొక్కింది. మెరిసింది. మళ్లీ చల్లాడు, మళ్లీ నొక్కింది. చల్లితే సన్నటి రేకులు ఒక్కోటీ ఒక్కో వైపు తిరిగి పడుతున్నాయి. నొక్కితే అన్నీ వెల్లకిలా పడుకుని ఒకే దిక్కుకు మెరుస్తున్నాయి. మెరుపు చావలేదు, దాక్కుంది.

ఇదా తన మొగుడి నోట్లో పోయబోయింది! దేవకమ్మ వీధిలోకి పరుగెత్తింది.

"కామయ్యా, నువ్వు పో! మందు కాలేదు, ఇంకా నూరాల. మా ఆయన్ని ఓపిక పట్టమన్నానని చెప్పు!"

బండి కదిలింది. ఆమె వెనుదిరిగేసరికి తండ్రి గూట్లోంచి పాత పొట్లం ఒకటి తెస్తున్నాడు. మూడేళ్ల కిందట పోయిన ఆమె తల్లి మస్తానమ్మ తాగగా మిగిలిన మందు అది. దాన్ని ఆకు మీద గుమ్మరించాడు.

"నువ్వు నొక్కమ్మా. నా వల్ల కాదు."

దేవకమ్మ నొక్కింది. వేలు తీయడానికి భయపడింది. తీసింది.

జబ్బే చంపిందో, మందే చంపిందో ఇక ఎవరు చెప్పగలరు? ముసలాయన ఆ మెరుపు దగ్గరే కూలబడ్డాడు.

"కడుపు కోస్తా ఉండాదని మీయమ్మ చెప్తానే ఉన్నింది" అన్నాడు. "నేను పొడి చల్లి చూపించినాను."