తలగడలో తరుగు

వానలు వెనకబట్టి ఎండ కాయగానే ఎల్లారెడ్డిలో తలగడలు విప్పుతారు. కామారెడ్డి నుంచి కలీమ్ దూదేకే మిషన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకొని వస్తాడు. ఆడవాళ్లు గలీబులు ఊడదీసి దూది ముందర పోస్తే, ఏకి, మళ్లీ నింపి, కుట్టి ఇస్తాడు.

దూదిని చూస్తే తల తెలుస్తుంది కదా. ఏడాదంతా పడుకున్న మనిషి తల ఎట్లుంటే తలగడలో దూదీ అట్లే ఉంటుంది. దిగులు మనుషుల దూది గడ్డలు కడుతుంది. చిన్నపిల్లలది ఉబ్బి కుట్లు తెంపుతుంది. పదమూడు, పద్నాలుగేండ్లు వచ్చేసరికి కాస్త పలచబడుతుంది, దానికి భయపడకూడదు. బీరపాదుకు అక్కరలేని కొనలు తుంచినట్టు, ఆ వయసులో తల తనను తానే తుంచుకుంటుంది. వాడుకున్న తీగ నిలుస్తుంది, వాడుకోనిది రాలిపోతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా గట్టిపడేది నుదుటివైపు. దాని పెద్ద పని "ఇక చాలు, ఆగు" అని చెప్పడం.

సుధారాణి బీడీలు చుడుతుంది. భర్త దుబాయిలో ఉంటాడు. కార్ఖానా గుమాస్తా తంబాకు తక్కువ తూస్తాడని ఆమెకు ఎప్పుడూ అనుమానమే. అందుకే ఉప్పు పొట్లాన్ని కూడా అరచేతిలో ఎత్తి చూడందే తీసుకోదు. ఆ ఏడు కూతురు అనిల తలగడను అట్లే ఎత్తి చూసింది.

"కలీమ్ భాయ్, దూది తక్కువొచ్చింది."

"నీ ముందలనే ఏకిన గద చెల్లె. నా గడ్డంల దాచుకున్ననా?"

"ఏమో, గడ్డం గూడ దూది లెక్కనే ఉన్నది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కలీమ్ నవ్వలేదు. చాయ్ కూడా తాగకుండా ఆటో ఎక్కాడు.

ఇంట్లో సుధారాణి తలగడను నొక్కి చూసింది. నుదురు ఆనే చోట వేలికి అవతలి గుడ్డ తగిలింది. ఎలుక అనుకుంటే ఎక్కడా చిరుగు లేదు. అనుమానం కూతురి మీదికి మళ్లింది. అనిల రోజూ బస్సులో కామారెడ్డికి పోయి ఇంటర్ చదువుతుంది, తర్వాత నర్సింగ్ చదవాలని ఆశ. ఈ మధ్య కాలేజీ పరీక్ష తప్పింది. పిలిస్తే పలకదు.

"ఎవడే వాడు?"

"ఎవడు?"

"గా ఫోన్ల ఉన్నోడు."

"ఎవ్వడు లేడమ్మా. ఊరికెనే చూస్తున్న."

"ఊరికెనే ఎవలన్న గంతసేపు చూస్తరా? ఇంకోపారి పరీక్ష తప్పినవో, చదువు బందు. నా పక్కన కూసొని బీడీలు చుట్టుదువు."

పిల్ల నిజమే చెప్పింది. తల్లి నమ్మలేదు.

ఆదివారం మధ్యాహ్నం సుధారాణి చాట ఒళ్లో పెట్టుకొని, బీడీలు చుడుతున్నట్టు నటిస్తూ తలుపు చాటు నుంచి కనిపెట్టి చూసింది. అనిల తలగడ మీద బోర్లా పడుకొని ఫోను చూస్తోంది. బొటనవేలు పైకి తోసినప్పుడల్లా తలగడ రవ్వంత కుంగుతోంది. "ఇదొక్కటే," అని గొణుగుతుంది, మళ్లీ తోస్తుంది, మళ్లీ కుంగుతుంది.

ఫోను గుంజుకొని బియ్యం డబ్బాలో దాచింది సుధారాణి. అయినా పిల్ల బొటనవేలు ఉత్త గలీబు మీద అట్లే పైకి జరుగుతూ ఉంది. అది చూడలేక, పాఠాలు కూడా అందులోనే వస్తాయి గనుక, ఫోను తిరిగి ఇచ్చేసింది.

ఫోనే దూదిని తిన్నదా, లేక ముందే పలచనైన చోటును వెతుక్కొని ఫోను చేరిందా? పెద్ద మిషన్లలో తలకాయల ఫోటోలు తీసే డాక్టర్లకు కూడా ఆ రెండూ జంటగా కనబడుతున్నాయి గానీ ఏది ముందో తేలలేదు. సుధారాణికి అంత ఓపిక లేదు. తన తలగడ కుట్లు విప్పింది. చాట ముందు కూర్చుంటే పని అయ్యేదాకా లేవని మనిషి. ఆమె నుదుటివైపు దూది మందంగా ఉంది. రెండు పిడికెళ్లు తీసి కూతురి తలగడలో కూరి కుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

వారం తిరగకముందే అనిల వేలు రెండో వీడియో దగ్గర ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"అమ్మా, గిది నాకే ఎందుకు చూపిస్తుండు? అడిగిన్నా నేను? ఎవడు వాడు?"

"నేను మొదటి నుంచి అడిగేది గదే గదనే!"

అనిల ఫోను బోర్లించి పుస్తకం తీసింది. కొట్టుకు పోతే ఉప్పు పొట్లం అరచేతిలో ఎత్తి చూడసాగింది. తర్వాతి పరీక్ష గట్టెక్కింది.

ఒకనాడు బస్సు దిగి వచ్చేసరికి గడపలోనే మాడిన అన్నం వాసన. చాటలో బీడీలు చుట్టే తునికాకు ఎండి ముడుచుకుపోయింది. సుధారాణి మంచం మీద తన ఫోను పట్టుకొని ఉంది.

"అన్నం మాడింది గదమ్మా!"

"ఆఁ... ఇదొక్కటి చూసి లేస్త."

అనిల తల్లి తలగడను అరచేతిలో ఎత్తి చూసింది. తర్వాత తనది ఎత్తింది. తల్లి దూది పోయిందెక్కడికో తెలిసింది. సూది దారం తెచ్చి రెండు తలగడల పక్కలు విప్పి, దూది అంతా కలిపి, ఒకటే పొడుగు తలగడగా కుట్టింది.

అప్పటి నుంచి ఇద్దరూ దాని మీదే పడుకుంటున్నారు. "నా దిక్కుది గుంజుతున్నవే," అని తల్లి, "నువ్వే గుంజుతున్నవు," అని కూతురు. అన్నం మాడలేదు. చదువు బందన్న మాట మళ్లీ రాలేదు. అనిల ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చింది.

మళ్లీ వానలు వెనకబట్టాయి. సుధారాణి కలీమ్‌కు ముందు చాయ్ ఇచ్చింది, తర్వాత తలగడ ఇచ్చింది. కలీమ్ ఏకి, కుట్టి, రెండు చేతులతో అందించాడు.

"చూసుకో చెల్లె. మళ్ల నా గడ్డం మీద పడకు."

సుధారాణి ఎత్తి చూసింది. "సరిగ్గనే ఉన్నది భాయ్," అంది.

లోపలి నుంచి అనిల వచ్చి రెండో కొస పట్టుకుంది.

"ఆగమ్మా," అంది. "నన్ను గూడ చూడనీ."